రీడ్ తడిపిన నోరు

"నోరు తెరవండి," అంది డాక్టరమ్మ.

"నా పళ్లకేం కాలేదు. నేనొచ్చింది మీ కేసు గురించి," అంది రాయి.

"కేసు గురించే తెరవమంటున్నాను. నోటితో చెబితే పోలీసులకి ఎక్కలేదు. మీకైనా చూపించి చెబుతాను."

రాయి పళ్ల కుర్చీలో వెనక్కి వాలి నోరు తెరిచింది. డాక్టరమ్మ సన్నటి కొక్కెంతో కింది చిగురు అంచున ఒక్కసారి గీకి, కొనకు అంటిన తెల్లటి పాచిని లైటు కింద పెట్టింది. పొద్దున్నే పళ్లు తోముకుని వచ్చిన మనిషికి ఆ పాచిని చూస్తే సిగ్గనిపించాలి. రాయికి ఏమీ అనిపించలేదు.

ఆమెకు రాయి అన్న పేరు పోలీసు డిపార్ట్‌మెంట్‌లో ఉండగా పడింది. ఎంత ఘోరం చూసినా మొహంలో ఒక్క గీత కదలదని తోటివాళ్లు పెట్టారు. ఉద్యోగం వదిలేసి సొంతంగా డిటెక్టివ్ పని మొదలుపెట్టినా పేరు వెంటే వచ్చింది. అప్పట్లో అది వట్టి ఎగతాళి మాట. కిందటి ఏడు, తల్లిలా పెంచిన అక్క పోయాక మాత్రం నిజమైపోయింది. తింటోంది, పని చేస్తోంది, పడుకుంటోంది. ఏదీ లోపలికి దిగడం లేదు. ఏడుపు రానందుకు మొదట్లో భయపడింది, తర్వాత ఆ భయం కూడా పోయింది.

"ఇందులో ఉన్నవన్నీ క్రిములే," అంది డాక్టరమ్మ కొక్కెం తిప్పుతూ. "అందరి నోళ్లలోనూ ఉంటాయి. మామూలప్పుడు వాటి పాటికి అవి పడుంటాయి. పన్ను తీసినప్పుడే వస్తుంది చిక్కు. ఆ గుంటలో రక్తం గడ్డకట్టి మూతలా కూర్చుంటుంది. దాని కిందే ఎముక మానుతుంది. మూత లేచిపోయిందనుకోండి, లోపల ఎముక బోరున తెరిచి ఉంటుంది. అప్పుడు ఈ క్రిములకి అడ్డేముంటుంది?"

"అతని మూత లేచిందా?"

"లేచింది. పోస్టుమార్టం చేసిన డాక్టరే చెప్పాడు."

అతను అంటే ఒక బ్యాండులో క్లారినెట్ వాయించే కుర్రవాడు. ముప్ఫై నిండలేదు. ఇంట్లో వాళ్లు చిన్నోడు అని పిలిచేవాళ్లు. డాక్టరమ్మ అతని కింది దవడలో పుచ్చిన పన్ను తీసింది. వారం తిరక్కుండానే చీము దవడ నుంచి మెడలోకి దిగి, గొంతు పూడుకుపోయి చనిపోయాడు. శుభ్రం లేని పనిముట్లతో తమ్ముణ్ణి చంపిందని అతని అన్న కేసు పెట్టాడు. ఇన్‌స్పెక్టర్ ఈ సాయంత్రం ఐదింటికి వచ్చి అరెస్ట్ చేసి, క్లినిక్‌కు సీలు వేస్తానని పొద్దున్నే కబురు పంపాడు. అందుకే డాక్టరమ్మ రాయిని పిలిపించుకుంది. గోడ గడియారంలో అప్పటికి రెండున్నర.

"పన్ను తియ్యకముందు అతని నోరెలా ఉంది?"

"అద్దంలా ఉంది. వారం ముందే పిలిచి పాచంతా తీసి పంపాను. పాచి నోట్లో నేను పన్ను తియ్యను. చిగుళ్లు గట్టిగా, గులాబీ రంగులో ఉన్నాయి. ఆ ఒక్క పన్నే పాడైంది."

"మరి చీములో ఏం దొరికింది?"

"దొరికినవి వేరే రకం. చిగుళ్లు కుళ్లి, పళ్లు ఊగిపోయే నోళ్లలో గుంపులుగా పెరిగేవి. వీటిని పట్టుకుని ఫలానా మనిషి నోరేనని చెప్పలేం. ఎలాంటి నోరో చెప్పగలం. అతనిది మాత్రం అలాంటి నోరు కాదు."

"అంటే ఇంకొకరి నోట్లోంచి వచ్చాయి."

"ఇన్‌స్పెక్టర్ పట్టుకున్నది అదే. ఇంకో పేషెంట్ నోట్లో పెట్టిన పట్కారు కడక్కుండా ఇతని నోట్లో పెట్టావంటాడు."

రాయి లేచి, పనిముట్లలో క్రిముల్ని చంపే ఆవిరి పెట్టె మూత తీసింది. లోపల పనిముట్లు వేటికవి కవర్లలో ఉన్నాయి. ఆవిరి సరిగ్గా తగిలితే రంగు మారే గీత ప్రతి కవరు మీదా నల్లబడి ఉంది. రాయి ఒక కవరు అంచు గోటితో లాగి చూసింది. గట్టిగా అతుక్కుని ఉంది.

"ఆ రోజు అతనికి ముందు ఈ కుర్చీలో ఎవరు కూర్చున్నారు?"

"ఒక చంటిది. పాలపన్ను ఊడక ఏడుస్తుంటే వాళ్లమ్మ తీసుకొచ్చింది."

"పాలపళ్ల పిల్లకి కుళ్లిన చిగుళ్లుండవు."

"ఆ మాట నేనూ చెప్పాను. నాటకాలాడకన్నాడు ఇన్‌స్పెక్టర్." డాక్టరమ్మ కొక్కెం పక్కన పడేసింది. "వాపు వచ్చిన రోజు వాళ్లన్న నాకు ఫోన్ చేశాడట. వాపు మామూలే, రానక్కర్లేదు అన్నానట. నాకు ఫోనే రాలేదండీ. వచ్చుంటే ఆ అబ్బాయి ఇవాళ బతికుండేవాడు. పదహారేళ్లుగా ఈ గదిలో ఒక్కరికి చెడు జరగలేదు. ఈ చేతికి సంకెళ్లు వేస్తే మళ్లీ ఎవరి నోట్లోనైనా చెయ్యి పెట్టగలనా?"

ఓదార్చాల్సిన చోటు అది. రాయి ఓదార్చలేదు. ఓదార్పు మాటలు ఎక్కడున్నాయో వెతుక్కోవాల్సి వచ్చింది, దొరకలేదు.

"ఊదొద్దని చెప్పారా అతనికి?" అని మాత్రం అడిగింది.

"పది రోజులు ఊదొద్దు, పీల్చొద్దు, గట్టిగా ఉమ్మనైనా ఉమ్మొద్దు అన్నాను. బుగ్గలో దూది పెట్టుకునే నవ్వాడు. నేను బతికేదే ఊది కదండీ అన్నాడు."

రాయి సంచీ భుజాన వేసుకుంది. "ఐదయ్యేదాకా ఇక్కణ్ణించి కదలకండి. ఎవరొచ్చి ఏం చూపించినా సంతకం పెట్టకండి."

*

బ్యాండు వాళ్ల ఇంటి ముందు ఇన్‌స్పెక్టర్ జీపు అప్పటికే ఆగి ఉంది. లోపలికి వెళ్తే, ముందుగదిలో మంచి కుర్చీ చూసుకుని కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నాడు. ఒకప్పుడు రాయి కింద పనిచేసి, ఆమె కేసు కాగితాలు మోసిన మనిషే. ఇప్పుడు ఆమెను చూసి లేవలేదు.

"రండి మేడమ్. రిటైరైనా దురద తీరలేదన్నమాట."

"రిటైరవలేదు. మానేశాను. రెంటికీ తేడా ఉంది."

"ఏదైతేనేం, ఇందులో వేలు పెట్టకండి. సాయంత్రానికి తేలిపోయే కేసు."

"తేలిపోయే కేసుకి మీరింత మధ్యాహ్నం పూట ఇక్కడెందుకు?"

"బాధితుల్ని పలకరించడం కూడా డ్యూటీయేగా," అన్నాడు ఇన్‌స్పెక్టర్, మొహం మాడ్చుకుని.

ఆ గదిలో ఇంకా ముగ్గురున్నారు. చనిపోయిన కుర్రవాడి తండ్రి అయిన బ్యాండు మాస్టారు డోళ్ల పక్కన గోడకు ఆనుకుని నేల మీద కూర్చున్నాడు. పెద్దకొడుకు కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు. కేసు పెట్టింది అతనే. అందరూ పెద్దోడు అంటారు. తువ్వాలు కొన నోటికి అడ్డం పెట్టుకున్నాడు. ఏడుపు ఆపుకుంటున్నాడని రాయి అనుకుంది. లోపలి గుమ్మంలో చిన్నకోడలు నిలబడింది. భర్త పోయి వారమైనా కాలేదు, అప్పుడే బట్టల ఫ్యాక్టరీ షిఫ్టుకు వెళ్లొచ్చినట్టుంది, భుజం మీద దారపు ముక్కలు అంటుకుని ఉన్నాయి. ఆ పిల్ల కళ్లలోనూ తడి లేదు. రాయి ఆమెను ఒక్క చూపులో గుర్తుపట్టింది. తనలాంటి మనిషే.

"మాస్టారూ, మీ చిన్నబ్బాయి క్లారినెట్ చూడొచ్చా?"

"దానికీ దీనికీ సంబంధమేంటి?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"నేనడిగింది మాస్టార్ని."

ముసలాయన వేలు పెట్టి బల్ల మీది నల్లపెట్టె చూపించాడు. రాయి మూత తీసింది. ముక్కలు ముక్కలుగా విప్పిన వాయిద్యం ముఖమల్ గుడ్డలో పడుకుని ఉంది. నోట్లో పెట్టుకునే ముక్కు ఒక్కటే విప్పకుండా, రీడు బిగించి ఉండగానే పెట్టేశారు. రీడంటే ఆ ముక్కుకు కట్టే రెల్లుపుల్ల బద్ద, అది అదిరితేనే నాదం పలుకుతుంది. రాయి రుమాలుతో ఆ ముక్కును పైకెత్తి కిటికీ వెలుగులో పెట్టింది. రీడు కొత్తది, ఇంకా లేత ఎండుగడ్డి రంగులోనే ఉంది. దాని వెనక, గొట్టం లోపలి గోడకు, చింతగింజ రంగులో ఏదో ఎండి అతుక్కుపోయి ఉంది.

"వాయించాక దీన్ని కడుగుతారా మాస్టారూ?"

"కడక్కుండా పెడితే చెయ్యి విరగ్గొట్టేవాణ్ణి. ఇద్దరికీ ఐదో ఏటి నుంచీ అలవాటు చేశా." మాస్టారు తల ఎత్తాడు. "ఏం? కడగలేదా?"

"కడగలేదు. లోపల రక్తం ఉంది. పన్ను తీయించుకున్నాక చిన్నోడు దీన్ని ఊదాడు."

"ముట్టుకోనే లేదు," అన్నాడు పెద్దోడు తువ్వాలు వెనక నుంచి. మాట మరీ తొందరగా వచ్చింది.

"ముట్టుకున్నారు." గుమ్మంలోంచి చిన్నకోడలు అంది. గొంతు హెచ్చలేదు, తగ్గలేదు. "మూడో రోజు అన్నదమ్ములిద్దరూ పెట్టె పట్టుకుని వెళ్లారు. నేను షిఫ్టు నుంచి వచ్చేసరికి ఆయన దుప్పటి కప్పుకుని వణుకుతున్నారు. ఎక్కడికెళ్లారంటే చెప్పలేదు. అన్నయ్య మాట ఇచ్చాడు, కాదనలేకపోయానన్నారు."

పెద్దోడు తల దించుకున్నాడు. ఇన్‌స్పెక్టర్ కాలు మీది కాలు తీసి సర్దుకుని కూర్చున్నాడు.

"సరే, ఊదాడే అనుకుందాం," అన్నాడు. "మూత లేచింది. క్రిములు దిగాయి. మరి అవి వేరే నోటి క్రిములని రిపోర్టు చెబుతోందిగా? ఊదితే వేరేవాళ్ల క్రిములు ఎలా వస్తాయి మేడమ్? పట్కారు మీదే వచ్చాయి."

మంచి ప్రశ్నే వేశాడు. తనే నేర్పింది వీడికి ఇలా అడగడం. రాయి ఆ ముక్కును రుమాలుతో సహా బల్ల మీద పెట్టి, రీడు వైపు చూస్తూ ముసలాయన పక్కన నేల మీద కూర్చుంది.

"కొత్త రీడు ఎలా పలికిస్తారు మాస్టారూ?"

"పొడి రీడు పలకదమ్మా, గీ పెడుతుంది. నోట్లో నానాలి. నాలిక కింద పెట్టుకుని, మెత్తబడేదాకా ఉంచాలి." మాస్టారి చెయ్యి తనకు తెలియకుండానే గాలిలో రీడు పట్టుకుంది. "మా బ్యాండులో మా నాన్న కాలం నుంచీ ఒక పద్ధతి. కొత్త రీడును పెద్దవాడు నోట్లో నానబెట్టి చిన్నవాడికి అందించాలి. పాట పెద్దవాడి నోట్లోంచి రావాలని. నేను అలాగే అందుకున్నా. నా పిల్లలకీ అలాగే ఇచ్చా."



చెప్పక తప్పని మాట రాయి నోటిదాకా వచ్చింది. ఇంకొకరైతే మెల్లగా, నాన్చి చెప్పేవారు. ఆమె అలాంటి మెత్తదనం కోసం లోపల తడుముకుంది. ఏమీ తగల్లేదు. ఎవరో చెబుతుంటే తనూ పక్కన కూర్చుని వింటున్నట్టు ఉంది.

"మాస్టారూ, మీ అబ్బాయిని చంపిన క్రిములు ఆ రీడు మీద నుంచే వెళ్లాయి. దాన్ని నానబెట్టిన నోట్లో చిగుళ్లు కుళ్లిపోయి ఉన్నాయి. అది మీ నోరేనా?"

చిన్నకోడలు గుమ్మం పట్టుకుంది. పెద్దోడు కిటికీ వైపు తిరిగిపోయాడు.

"సిగ్గులేదా మేడమ్?" ఇన్‌స్పెక్టర్ లేచాడు. "కొడుకు పోయి ఏడుస్తున్న మనిషిని పట్టుకుని నువ్వే చంపావంటారా? డాక్టరమ్మ మీకేం తినిపించింది?"

మాస్టారు ఎవరివైపూ చూడలేదు. పక్కనున్న మంచినీళ్ల గ్లాసు దగ్గరికి లాక్కున్నాడు. నోట్లో రెండు వేళ్లు పెట్టి పై పళ్లసెట్టు తీసి గ్లాసులో వేశాడు. తర్వాత కింది సెట్టు కూడా తీసి వేశాడు. బుగ్గలు లోపలికి పోయి మనిషి ఒక్కసారిగా ఇంకో పదేళ్లు ముసలివాడయ్యాడు.

"చూడమ్మా." బోసినోటితో మాట పల్చగా వచ్చింది. "ఒక్క పన్ను లేదు. అన్నీ పోయి ఐదేళ్లయింది. పళ్లు లేనివాడికి క్లారినెట్ నిలవదు. అప్పుడే వాయించడం మానేశా. రీడు నానబెట్టే పని కూడా అప్పుడే వీడికి..."

అక్కడ ఆగిపోయాడు. ఆగిన మాట ఎటు వెళ్తోందో ఆ గదిలో అందరికీ అర్థమైంది. మాస్టారు తల తిప్పి పెద్దకొడుకు వైపు చూశాడు. అందరికన్నా ఆలస్యంగా అర్థమైంది పాపం ఆయనకే.

రాయి లేచి కిటికీ దగ్గరికి వెళ్లింది. "తువ్వాలు తియ్యి."

పెద్దోడు తియ్యలేదు. రాయే తీసింది. గుప్పున వాసన కొట్టింది. పై చిగుళ్లు ఉబ్బి, ముదురు ఎరుపులో మెరుస్తున్నాయి. ముందుపళ్లు రెండూ పట్టు వదిలేసి ముందుకు వాలి ఉన్నాయి. అతను ఏడుపు దాచుకోవడం లేదు, నోరు దాచుకుంటున్నాడు.

"ఎన్నాళ్లయింది?"

"వర్షాకాలం నుంచి," అన్నాడు పెద్దోడు. "క్లారినెట్ ముక్కు మీద పళ్లు ఆనిస్తే ఊగిపోతున్నాయి. ఊదలేకపోతున్నా. నాన్నకి చెబితే బ్యాండు మూసేద్దామంటాడని చెప్పలేదు. తమ్ముడికొక్కడికే తెలుసు. అందుకే నా వంతు కూడా వాడే వాయించేవాడు. ఆ రోజు... రీడు అలవాటుగా నోట్లో పెట్టుకున్నానండీ. వాడికందించా. వాడు కూడా అలవాటుగానే పుచ్చుకున్నాడు. దాంతో ప్రాణం పోతుందని నాకు తెలుసా?"

తెలియదు. అది నిజమే. రాయి నమ్మింది.

"బావగారూ." చిన్నకోడలు గుమ్మం వదిలి గదిలోకి వచ్చింది. "రీడు సంగతి మీకు తెలియదు, ఒప్పుకున్నాను. మర్నాడు ఆయన మొహం ఇంత లావు వాచింది. మింగలేక సొల్లు కారిపోతోంది. ఆస్పత్రికి తీసుకెళ్దామని నేను చెప్పులేసుకున్నాను. డాక్టరమ్మకి ఫోన్ చేశా, వాపు మామూలే అంది, ఉండమ్మా అన్నారు మీరు. నేను చెప్పులు విప్పేశాను. ఆ ఫోన్ ఎవరికి చేశారు?"

పెద్దోడి కళ్లు పక్కకు కదిలాయి. ఆ చూపు ఎటు వెళ్లి ఎక్కడ భయపడి వెనక్కి వచ్చిందో రాయి గమనించింది. అప్పుడు తట్టింది ఆమెకు. ఇంతసేపూ ఈ గదిలో ఒక మనిషి అడగాల్సిన ప్రశ్న అడగలేదు.

"ఇన్‌స్పెక్టర్ గారూ, చిన్నోడు వాయించాడని నేను చెప్పి చాలాసేపయింది. ఎక్కడ వాయించాడని మీరు అడగలేదేం?"

"అవసరం లేదు కాబట్టి."

"పోలీసుకి అవసరం లేని ప్రశ్నా అది? నేను మీకు నేర్పిన మొదటి పాఠమే ఎక్కడా, ఎప్పుడూ అని."

"ఆయన అడగక్కర్లేదండీ," అన్నాడు పెద్దోడు. గొంతులో ఇంక దాచుకోవడానికి ఏమీ మిగల్లేదు. "ఆ రోజు ఆయన ముందు వరసలోనే కూర్చున్నారు."

"నోర్ముయ్," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"వాళ్ల పెద్దాఫీసరు రిటైర్మెంట్ సభ. బ్యాండు పెట్టించింది ఈయనే. తమ్ముడికి పన్ను తీశారు సార్, ఇంకోర్ని పిలుచుకోండి అన్నాను. పెద్దాఫీసరికి వాడి పాటే కావాలి, తీసుకురాకపోతే మీ బ్యాండు ఈ ఊళ్లో ఇంకెక్కడా మోగదన్నారు. మర్నాడు వాపు చూసి భయమేసి ఈయనకే ఫోన్ చేశా. ఆస్పత్రికి వెళ్తే మూడో రోజే ఎందుకు ఊదావని అడుగుతారు, పెద్దాఫీసరు పేరు బయటికొస్తుంది, రెండ్రోజులు ఓర్చుకోమన్నారు. వాపు మామూలే అన్నది డాక్టరమ్మ కాదు, ఈయన. వాడు పోయాక కేసు పెట్టమని కాగితం రాసిచ్చింది కూడా..."

"ఎవరు నమ్ముతార్రా నిన్ను?" ఇన్‌స్పెక్టర్ గొంతు చల్లగానే ఉంది. బల్ల దగ్గరికి నడిచి, రుమాలు మీదున్న క్లారినెట్ ముక్కు తీసుకున్నాడు. "సభలో ఉన్నదంతా మా డిపార్ట్‌మెంట్ వాళ్లే, ఒక్కడూ నోరు విప్పడు. ఊదాడనడానికి మీ దగ్గర ఉన్నది ఇదొక్కటి. ఇది సాక్ష్యం. స్టేషన్‌లో భద్రంగా ఉంటుంది."

"అక్కడ పెట్టండి," అంది రాయి.

"అలాగే మేడమ్." అతను మాస్టారి పక్క నుంచి వెళ్తూ వంగాడు. చేతిలోది జారింది. అది జారిన తీరు చూస్తే చిన్నపిల్లలు కూడా నమ్మరు. పళ్లసెట్లు ఉన్న గ్లాసులో తిన్నగా పడింది.

"అయ్యో, చెయ్యి జారింది."

గ్లాసులో నీళ్లు మెల్లగా లేత మట్టి రంగుకు తిరిగాయి. రీడు వెనక ఎండిపోయిన రక్తం పొరలుగా విడిపోతోంది. ఇన్‌స్పెక్టర్ గ్లాసు కోసం చెయ్యి చాచాడు. ఆ నీళ్లు పారబోస్తే చాలు, ఐదింటికి డాక్టరమ్మ చేతికి సంకెళ్లు పడతాయి. రాయి అడుగు వేసింది గానీ దూరం ఎక్కువైంది.

చిన్నకోడలు ముందే అందుకుంది. రెండు చేతులతో గ్లాసును గుండెకు హత్తుకుని గోడకు ఆనుకుంది. కొంచెం నీళ్లు జాకెట్టు మీద చిందాయి.

"ఆ గ్లాసు ఇలా ఇవ్వమ్మా," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"రా, తీసుకో," అంది ఆ పిల్ల. "ఇందులో మా ఆయన రక్తం ఉంది. మా మావయ్య పళ్లున్నాయి. ఏది పారబోస్తావో చెప్పి తీసుకో."

మాస్టారు గోడ పట్టుకుని లేచి కోడలికి అడ్డంగా నిలబడ్డాడు. ఒక క్షణం తర్వాత పెద్దోడు కూడా వచ్చి తండ్రి పక్కన నిలబడ్డాడు, ఈసారి నోటికి తువ్వాలు లేదు.

ఇన్‌స్పెక్టర్ ముగ్గుర్నీ చూశాడు. రాయిని చూశాడు. తర్వాత నింపాదిగా వెనక్కి నడిచి, వీధి తలుపు మూసి, లోపల గడియ పెట్టాడు. "ఆ నీళ్లు నేలపాలయ్యేదాకా ఎవరూ ఈ గడప దాటరు," అన్నాడు.